ఎర్తు గుంతకు నీళ్లు

"నీళ్లు పోసినవానే?"

"పోసిన. నువ్వు ముందుగాల చాయ తాగు, సల్లగైతున్నది."

నాకు మా ఇంటాయనకు నడుమ ఆఖరుకు నడిచిన మాటలు గివే. ఇంకేం లేవు. చాయ తాగిండు, కప్పు గడప మీద పెట్టిండు, తను చేసిన కంప్యూటర్ పెట్టెను పాత దుప్పట్ల సుట్టి సంకల పెట్టుకొని పెద్దపల్లి బస్సుకు పోయిండు. ఆడ ఒక జిరాక్సు దుకాణమాయనకు ఆ పెట్టె అప్పజెప్పాలె. పెట్టె చేరింది. ఈయన రాలే. వాపస్ వచ్చెతందుకు బస్సు కోసం నిలవడ్డ కాడ్నే గుండె ఆగిందట. పెట్టెకు సుట్టిన దుప్పటినే ఎవరో మడతవెట్టి ఆయన నెత్తి కింద పెట్టిండ్రట. ఎవరో మంచోళ్లు. ఆ దుప్పటి నాకు తెచ్చి ఇచ్చిండ్రు.

నీళ్లంటే చెట్లకు కాదు, బర్లకు కాదు. మా ఇంటెనుక బోళ్లు తోమే బండ పక్కన ఒక గుంత ఉన్నది. పైకి చూస్తె ఏం కానరాదు, జర గుంటవడ్డ తడి మట్టి, గంతే. లోపల రాగి పలక ఉన్నది, దాని సుట్టు బొగ్గులున్నయ్, దొడ్డుప్పున్నది. పలకకు కట్టిన తీగ గోడెంట పాకి ఇంట్లకొస్తది. కరెంటు తొవ్వ తప్పితే మనిషి మీదికి రాకుండ భూమిలకు పోయెతందుకు గా తీగ. ఎర్తింగు అంటరు. మట్టి ఎండితే తీగ ఉండి లాభం లేదు, గుంత తడిగ ఉండాలె. అందుకే నీళ్లు. ఆయన ఉన్నప్పుడు పోసిన, ఆయన పోయినంక పోస్తున్న.

ఇగ ఇప్పుడు నా కొడుకు ఇంటెనుక మొత్తం సిమెంటు పోపిస్తనంటుండు. ఎల్లుండికి మేస్త్రిని రమ్మన్నడు.

"అవ్వా, వానకాలమొస్తె ఆడ మొత్తం బురద. నువ్వు జారి పడి తుంటిబొక్క ఇరగ్గొట్టుకుంటే మంచంల ఎవరు చేస్తరు నీకు?" అంటడు.

"నీ పెండ్లాం చేస్తది తీ. గుంత కాడ జర జాగ ఇడిచిపెట్టు రా."

"జాగ ఇడిచిపెడితే అండ్లకే నీళ్లు పోయి మళ్ల బురదనే గదనే."

వాని తోని మాట్లాడితే నాకు కోపమొస్తది, నా కోపం చూస్తె వానికి నవ్వొస్తది. ఇగ మాట ఏడ పూర్తయితది? అందుకని కోడలును కూసోవెట్టిన. నేను చెప్త, నువ్వు కంప్యూటర్ల కొట్టు బిడ్డా, అచ్చు తీసి వాని చేతుల పెట్టు అన్న. నాకు సదువు రాదు. నా పేరు రాస్త. బస్సు బోర్డు మీద కరీంనగర్ అని ఉంటె గుర్తువడ్త. గంతే. ఈమె ప్రైవేటు బడిల పంతులమ్మ, వేళ్లు ఉరుకుతయ్. ఈమె ఇప్పుడు కొడుతున్న కంప్యూటర్ గూడ ఆయన చేసిన మొట్టమొదటి పెట్టెలదే. లోపలి సామాను ఎన్నిసార్లు మారిందో, పెట్టె మారలే. ముందుగాల ఆ పెట్టె సంగతి చెప్పాలె, లేకపోతె గుంత సంగతి సమజ్ కాదు.

మా తల్లిగారిల్లు ఆదిలాబాద్ దిక్కు, మహారాష్ట్ర అంచుకు. నా పెండ్లికి మా బాపు ఒక టేకు పేటి చేయించి ఇచ్చిండు. పేటి అంటె మా దిక్కు మాట. మా ఇంటాయనది ధర్మపురి దగ్గరి ఊరు, ఆళ్లు సందూగ అంటరు. నేను పేటి అన్నప్పుడల్లా మా ఆడిబిడ్డలు "మరాఠీ వదినె వచ్చిందే" అని మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. నవ్వితె నవ్వనీ, నేను పేటి అనుడు ఇడువలే. మూత తీస్తె మా ఊరి వాసన వచ్చేది. టేకు వాసన, చీరెల నడుమ పెట్టిన ఎండిన యాపాకు వాసన. ముందర ఒక ఇత్తడి గడియ ఉంటుండె. మా బాపు చింతపండు పెట్టి తోమి తోమి మెరిపిచ్చి పంపిండు దాన్ని.

పెండ్లయినంక కొన్నాళ్లకు ఆయన మస్కట్ పోయిండు. పెద్ద పెద్ద బిల్డింగులల్ల చల్లగాలి పోయే రేకు గొట్టాలు చేసే పని. రేకును కొలుచుడు, కోసుడు, మడతవెట్టుడు. ఆయన మడత పెడితె బట్ట ఇస్త్రీ చేసినట్టు ఉంటుండె. ఆళ్ల రూముల ఇంకొకాయన ఆఫీసుల కంప్యూటర్లు ఇప్పి బాగుచేసేటోడట. పని అయినంక ఆయన పక్కన కూసొని ఈయన గూడ నేర్సుకున్నడు. తిరిగొచ్చినంక ఊర్లె పొలం అన్నదమ్ములకే ఇడిచిపెట్టి కరీంనగర్ల గీ ఇంటికొచ్చినం. ముందటి అర్రల దుకాణం, ఎనుక అర్రల సంసారం.

జనం తెచ్చే కంప్యూటర్లకు లోపల మంచిగనే ఉంటుండె. పైన డబ్బానే తుప్పువట్టి, ఎలుకలు దూరి, ఆగమై ఉంటుండె. "పానం బతికే ఉన్నది, ఇల్లు కూలింది" అనేటోడు. ఇగ ఆ పానాలకు ఇండ్లు కట్టుడు షురూ చేసిండు.

మొదటి ఇల్లు మనింటికే కడుత అన్నడు. దేనితోని కడుతవని నేను అడుగలే. మా చెల్లె పెండ్లికి తల్లిగారింటికి పోయిన. తిరిగొచ్చేవరకు నా చీరెలన్ని మంచం మీద కుప్పవోసి ఉన్నయ్.

"నా పేటి ఏది?"

"ఉన్నది. ఎటు పోలే."

"ఏడున్నది మరి?"

"ఆకారం మారింది జర."

టేబుల్ మీద నిలువుగ నిలవెట్టి ఉన్నది. కింది భాగం కోసేసి పొట్టిగ చేసిండు. మూతను పక్క తలుపు చేసిండు. ఎనుక తీగలు పోయెతందుకు రంధ్రాలు, ముందర మీట. ఇత్తడి గడియను మాత్రం ఉన్నకాడ్నే ఉంచిండు. దాని మీద చెయ్యి పెట్టి నాకు చూపిస్తుండు, అది ఉంచినందుకు నేను ఖుష్ కావాలన్నట్టు.

"ఎవలను అడిగి కోసినవు?"

"మీ బాపు మనకే ఇచ్చిండు గదనే."

"మనకు ఇయ్యలే. నాకిచ్చిండు."

"గిసొంటి టేకు ఈడ దొరుకది" అన్నడు మెల్లగ. నేను అన్నం పెట్టిన, చాయ పెట్టిన, బట్టలు ఉతికిన. మాట మాత్రం ఇయ్యలే. ఏమన్న చెప్పాల్నంటే గోడకు చెప్తుంటి. "అన్నం అయింది" అని గోడకు అంటె ఆయన లేచి వచ్చేటోడు.

మరి ఆ పేటే మాట్లాడిపిచ్చింది.

నాకు వంటకాడ రేడియో ఉండాలె. మస్కట్ కెళ్లి ఆయన తెచ్చిందే, నల్లది, మూల పలిగింది, ఇప్పటికి నడుస్తది. ఒకనాడు పొద్దున పాటలస్తున్నయ్. ఆయన ముందటి అర్రల పేటి మీట నొక్కిండో లేదో, పాట మునిగిపోయింది. తేనెటీగల తుట్టెను కదిలిచ్చినట్టు ఒక్కటే గుర్రుమని మోత. ఆయన ఆర్పితే పాట. నొక్కితే మోత. నేను గోడకు చెప్పుడు మర్సిపోయిన.

"చూడు, మా బాపు పేటి ఒర్రుతున్నది! కోసినవు గద, ఏడుస్తున్నది!" అన్న.

నవ్వుతడనుకున్న. నవ్వలే. రంపం చేతుల పట్టుకొనే వంటింట్లకొచ్చి రేడియోకు చెవి ఆనిచ్చి నిలవడ్డడు. పోయి మళ్ల నొక్కి వచ్చిండు.

"ఏడుపు కాదే ఇది. లోపలి సామాను చేసే లొల్లి బయటికొస్తున్నది. ఇనుప డబ్బాల ఉన్నన్నాళ్లు డబ్బా ఆపింది. కట్టెకు ఆపే తాకత్ లేదు" అన్నడు. ఆయన కండ్లు మెరుస్తున్నయ్. రేకు పనోనికి రేకు పని దొరికింది మరి.

ఖాళీ నూనె డబ్బాలు తెచ్చి కోసి, సాపు చేసి, పేటి లోపల అన్ని దిక్కుల రేకు తొడిగిండు. కింద, మీద, పక్కలకు, తలుపుకు. ఒక్క మడత వంకర లేదు. గంత మంచిగ చేసి, దాని మీద ఒక పని చేసిండు. మస్కట్ల సముద్రం గాలికి రేకు ఊకె తుప్పువడ్తదట, రంగు వెయ్యని రేకు ఆడ ఎవలు బిగియ్యరట. ఆ అలవాటు చేతులల్లనే ఉన్నది. ఒక్కొక్క ముక్కకు ముందట, ఎనుక, ఆఖరుకు అంచులకు గూడ ఆకుపచ్చ రంగు మందంగ పూసి, ఎండవెట్టి బిగిచ్చిండు. సూడ సక్కగుండె.

మీట నొక్కిండు. రేడియో గుర్రుమన్నది. జర తగ్గినట్టే తగ్గింది గని పోలే.

మనిషి పరేషాన్. రేకు మీద ఇంకో రేకు వేసిండు. దానికీ రంగు. అయినా మోతనే. తిండి మీద ధ్యాస లేదు. నేనేమో ఇంకా గోడకే చెప్తున్న, "అన్నం సల్లగైంది" అని.

ఒకనాటి పొద్దుమూకి నేను వంకాయలు కోస్తున్న. ఆయన పేటి తలుపు రేకుకు మర బిగిస్తుండు. ఉన్నట్టుండి రేడియో సాఫ్ అయింది. గాయని గొంతు నా పక్కన కూసొని పాడినట్టు ఇనవడ్డది.

"పోయింది!" అని ఒర్రిన.

"ఏం పోయిందే?"

"మోత పోయింది!"

మర ఇప్పిండు. "వచ్చింది!" అన్న. బిగిచ్చిండు. "పోయింది!" మర ఊడదీసుడు, బిగిచ్చుడు, వచ్చింది, పోయింది. ఇద్దరం పిల్లల లెక్క అయినం.

సంగతేందంటె, మర తిరుగుతుంటె దాని కింద రంగు గీసుకపోయి, రేకుకు రేకు తాకింది. గప్పటిదాక ముక్కలన్ని పక్కపక్కనే ఉన్నయ్ గని నడుమ రంగు అడ్డమున్నది, ఒకదానికొకటి తాకుతలేవు. ఎన్ని రేకులు పెడితె ఏం లాభం? ఆ సందులల్లకెళ్లే లొల్లి బయటికొస్తున్నది.

"ఒక్క ఇంట్లనే ఉంటున్నయ్, ఒకదాని తోని ఒకటి మాట్లాడుతలేవు. మన లెక్కనే" అన్నడు ఆయన, నా దిక్కు చూడకుంట.

నాకు నవ్వాగలే. గోడకు చెప్పుడు ఆనాటి తోని బంద్. ఇద్దరం కింద కూసొని గరుకు కాయిదం పట్టుకొని అంచుల రంగు గీకినం. చేతులన్ని ఆకుపచ్చ. వంకాయ కూరల గూడ ఆ రంగు పడ్డదేమో ఎవలికెరుక, తిన్నం.

ఇగ ఆనాటి నుంచి ఆయన ఏ పెట్టె చేసినా గదే పద్ధతి. ఆయన ముందటి అర్రల, నేను వంటింట్ల, నడుమ గోడ. మర మీద మర బిగిస్త ఉంటడు, నేను రేడియో ఇని ఒర్రాలె. మూల కాడ సందుంటే గుర్రు సన్నగ వస్తది, తలుపు కాడ ఉంటె బరబర వస్తది. నాకు చెవులకు ఎరుకైపోయింది. "తలుపు కాడ చూడు!" అంటుంటి. చూసేటోడు. దుకాణంల కూసున్న గిరాకీలు "ఏందన్నా, ఇంట్ల కొట్లాటనా?" అని అడిగేది. "లేదు, చెకింగ్ నడుస్తున్నది" అనేటోడు. గట్ల ఒర్రి ఒర్రి నా గొంతు గిట్ల బొంగురువోయింది. పుట్టినప్పటి గొంతు కాదిది. ఫోన్ల కొత్తోళ్లు నన్ను "అన్నా" అంటరు.

మోత పోయింది గని కొత్త తిప్పల వచ్చింది. ఒకనాడు బోళ్లు తోముతున్నదాన్ని లేచి, తడి చెయ్యి తోని పేటి గడియ మీద ఏదో మరక తుడవబోయిన. జుమ్మన్నది. మోచేతి దాక చీమలు పాకినట్టయింది. ఆయన కాళ్లకు రబ్బరు చెప్పులుంటయ్, ఆయనకు తెలువలే. నాయి ఉత్త కాళ్లు. గడియ ఇత్తడిదాయె, లోపల రేకుకు తాకి ఉన్నది.

"రేకు తొడిగినంక దీనికి పగ ఎక్కువైంది" అన్న.

టెస్టర్ పెట్టిండు. దాంట్ల లైటు వెలిగింది. ఆయన మొఖం మాడింది. నా చెయ్యి పట్టుకొని అటు ఇటు తిప్పి చూసిండు, ఏమన్న కాలిందా అని. "ఏం కాలేదు పో" అన్న. గోడ మీది బోర్డు ఇప్పిండు. ప్లగ్గుకు మూడు కాళ్లుంటయ్ గద, పైన ఉండే పెద్ద కాలుకు బోర్డుల రంధ్రమైతె ఉన్నది, రంధ్రమెనుక తీగనే లేదు. ఇల్లు కట్టినోడు సూసెతందుకు పెట్టిండు. పక్కింట్ల చూసిండు, అదే కథ. ఎదురింట్ల చూసిండు, అదే కథ.

"ఈ వాడ మొత్తానికి మూడో కాలు గాలిలనే ఉన్నది" అన్నడు.

గుంత తవ్వుడు గప్పుడు. దుకాణం అమాస నాడు బందు పెడుతుండె. తీరిక ఉంటదని ఆ అమాస నాడే తవ్విండు. గదే తప్పయింది.

మనిషి లోతు తవ్విండు. అడుగుల రాగి పలక నిలవెట్టిండు. దాని మీద నా పొయ్యి బొగ్గులు, బొగ్గుల మీద దొడ్డుప్పు, మళ్ల బొగ్గులు, మళ్ల ఉప్పు. నేను బిందె పట్టుకొని నీళ్లు పోస్తున్న. పక్కింటామె గోడ మీదికెళ్లి తల పెట్టి చూసింది.

"ఏందే అది? ఎవలి మీద చేస్తుండ్రే?"

నేను ఉన్నదాన్ని ఉండక, "కంప్యూటర్ మీద" అన్న.

తల కిందికి పోయింది. చాయ మరిగేంత సేపట్ల వాడంతా తెల్సింది. అమాస నాడు గుంత తవ్వి ఉప్పు, బొగ్గు, రాగిరేకు పాతిపెట్టిండ్రట, బాణామతి చేస్తుండ్రట. పిల్లలను ఇంట్లకు గుంజుకున్నరు. వాడ పెద్దమనిషి కట్టె పట్టుకొని వచ్చిండు, ఎనుక ఇంకింతమంది.

"తమ్మీ, నిజం చెప్పు. ఏం పాతిపెట్టినవు?"

"కరెంటు పోయెతందుకు తొవ్వ, పెద్దనాయినా."

"కరెంటు తీగల మీద పోతది. భూమిల దానికేం పని?"

ఆయన చెప్పి చూసిండు. ఎవలికి ఎక్కలే. ఇగ అందరిని లోపలికి పిలిచిండు. గుంత తీగ ఇంకా కలుపలే. "ఏలు తడి చేసుకొని ఈ గడియను ముట్టు పెద్దనాయినా, జర జుమ్మంటది, పానానికేం గాదు" అన్నడు. పెద్దమనిషి ముట్టిండు, "ఓర్నీ!" అని కట్టె కింద పడేసిండు. ఆయన గుంత తీగ తెచ్చి కలిపిండు. "ఇప్పుడు ముట్టు."

"ముందుగాల నువ్వు ముట్టు" అన్నడు పెద్దమనిషి. ఆయన తెలివి ఆయనది.

ఈయన ముట్టేలోపల నేనే ముట్టిన. తడి చెయ్యి, ఉత్త కాళ్లు. ఏం కాలే. సల్లగ ఇత్తడి, గంతే. మా ఇంటాయన నా దిక్కు చూసిన చూపు యాదికున్నది. పొగుడుతడనుకుంటె, అందరు పోయినంక "నాకన్న ముందు ఎందుకు ముట్టినవే, నేను తీగ సరిగ కట్టకుంటే?" అని కొట్లాట పెట్టుకున్నడు.

తెల్లారి పక్కింటామె గోడ మీదికెళ్లి మళ్ల తల పెట్టింది. "మా కూలర్ గూడ జుమ్మంటదే. మీ ఆయనను మాకూ ఒకటి తవ్వుమనరాదు" అన్నది. జర ఆగి, గొంతు తగ్గిచ్చి, "అమాస నాడే తవ్వాల్నా, ఏనాడైన సరేనా?" అన్నది.

బండ పక్కనే తవ్విండు గాబట్టి బోళ్లు తోమిన నీళ్లు గుంతలకే పోతయ్. వానకాలం, చలికాలం అది సాలు. ఎండకాలం సాలది. కరీంనగర్ ఎండకు మట్టి నెర్రెలు బాస్తది. అందుకని పొద్దుగాల చాయకు ముందు ఒక బిందె. ఆయన అడుగుడు, నేను పోసిననుడు. అడుగని పొద్దు లేదు. సామాను కోసం హైదరాబాద్ పోయినా, ఫోన్ చేస్తె మొదటి మాట గదే.

"నీళ్లు పోసినవా?"

"తిన్నవా, ఎట్లున్నవ్ అని అడుగవేందయ్యా ఎన్నడు? నీకు గుంత ముందా, నేను ముందా?"

"నువ్వు ఊకె తడి చేతులు పెడుతవు గదనే."

గప్పుడు గది ఏం జవాబో నాకు తెలువలే. ఫోన్ పెట్టేసిన.

ఆయన పోయింది ఎండకాలమే. దినాలయ్యేదాక నన్ను మూలకు కూసోవెట్టిండ్రు, గడప దాటద్దన్నరు. సుట్టాలు ఏడుస్తున్నరు, నేనూ ఏడుస్తున్న. లోపల మనసు మాత్రం గుంత కాడ్నే ఉన్నది. ఎండుతది, నెర్రెలు బాస్తది, ఎవలు పోస్తరు? నోరు తెరిచి అడిగితె, మొగడు పోతె గుంత కోసం ఏడుస్తున్నదే అంటరు. పొద్దుగాల ఇంటెనుక నీళ్లు పడ్డ సప్పుడైంది. ఎండిన మట్టి గుటగుట తాగుతది సూడు, గా సప్పుడు. తెల్లారి మళ్ల.

రాయి బిడ్డా. ఆగినవేంది? నువ్వే పోసినవని నాకెరుకనే. పెండ్లయి కొత్తగొచ్చినవప్పుడు. నీ పెండ్లి గాజుల సప్పుడు గూడ ఇన్న. నువ్వు చెప్పలే, నేను అడుగలే. గట్లనే రాయి.

ఇగ నిన్నటి సంగతి. సిమెంటుకు ముందు జాగ సాపు చేస్తమని మేస్త్రి మనుషులొచ్చిండ్రు. నేను వంటింట్ల రేడియో పెట్టుకున్న. కోడలు ఈ పేటి ముందటనే కూసొని పరీక్ష పేపర్లు కొడుతున్నది. ఆయన ఉన్నప్పుడే ఆ మూడో తీగను ఇంట్ల అన్ని బోర్డులకు గుంజిండు. పంకకు, ఫ్రిజ్జుకు, రేకు కూలర్‌కు అన్నిటికి ఆ గుంతనే దిక్కు. ఉన్నట్టుండి రేడియో గుర్రుమన్నది.

"వచ్చింది!" అని ఒర్రిన.

ఆలోచించి ఒర్రలే. నోట్లకెళ్లి అదే వచ్చింది. ముందటి అర్రలకెళ్లి జవాబు రాలే. గోడ దిక్కు చూసుకుంట నిలవడ్డ. ఎవలున్నరని చూస్తున్న?

"ఏమొచ్చింది అత్తమ్మా?" అని కోడలు లేచి వచ్చింది, వచ్చేటప్పుడు కూలర్‌ల పోద్దామని బకీటు అందుకున్నది. "కూలర్ ముట్టకు!" అన్న. ఎనుకకు పోయి చూస్తె పార తగిలి గుంత తీగ తెగి ఉన్నది. కొడుకొచ్చి కూలర్‌కు టెస్టర్ పెట్టిండు. లైటు వెలిగింది. వాని మొఖం ఆనాటి వాళ్ల బాపు మొఖం లెక్కనే మాడింది. పెండ్లాం చేతులల్లకెళ్లి బకీటు గుంజుకొని కింద పెట్టిండు. మేస్త్రి మనుషులను పంపిచ్చి, తీగ తనే అతికిండు.

నా గుంత గెలిచిందనుకున్న. కాదు. పొద్దుమూకి నా పక్కన కూసున్నడు. ఈసారి నవ్వలే.

"అవ్వా, రేపే ఇంటి ముందటి దిక్కు కొత్త ఎర్తు పెట్టిస్త. ఇప్పుడు మందు నింపిన గొట్టాలు వచ్చినయ్, నీళ్లు గూడ పొయ్యనక్కెర లేదు. అందరికి భద్రం. నీకు బిందె మోసే తిప్పల తప్పుతది. గుంత పూడ్చుదం."

వాడు తప్పు మాట అనలే. నేను ఆలోచన చేసిన, ఏ దిక్కు చూసినా వాని మాటనే సక్కగున్నది. కరెంటు మనిషి ఈ పొద్దు వచ్చి గొట్టం పెట్టి పోయిండు గూడ. కరెంటుకు కొత్త తొవ్వ దొరికింది.

కొడుకా, నేను కరెంటు కోసం అడుగుతలేను. మీ బాపు ఒక మాట అడిగేటోడు, నేను జవాబు చెప్పేదాన్ని. ఆయన అడుగుడు ఆగింది గని నేను చెప్పుడు ఆపలే. పొద్దున లేస్త, బిందె పట్టుకొని పోత, పోస్త, "పోసిన" అంట. బయటికే అంట, పక్కింటామెకు గూడ ఇనవడ్తది. ఆమె ఏమనుకున్నా సరే, ఆమెకు నా మీద అనుమానాలు కొత్తగాదు. ఆ మాట అన్నంకనే నాకు చాయ దిగుతది. నువ్వు సిమెంటు పోస్తె నేను నీళ్లు ఏడ పోయాలె? పొయ్యకుంట పోసినని ఎట్లనాలె? ఆయన తోని నేను కొట్లాడిన, మాట బందు పెట్టిన, అబద్దం మాత్రం ఆడలే.

మొత్తం ఆపుమంటలేను. సిమెంటు పోసుకో. నా బొక్కలు నాకూ ముద్దే. గుంత మీద జానెడు జాగ ఇడిచిపెట్టు. మూత పెట్టుకో. నేను జారకుండ గోడకు ఇనుప గొట్టం పెట్టిపిస్తవా, పెట్టిపియ్యి, పట్టుకొనే నడుస్త. నేను పోయినంక నీ ఇష్టం, పూడ్చుకో, ఆనాడు అడిగేటోళ్లుండరు, చెప్పేటోళ్లుండరు.

ఆగు బిడ్డా. ఆ సప్పుడేంది? రంపం సప్పుడు. మేస్త్రి ఎల్లుండి గదా వచ్చేది?

కిటికీలకెళ్లి చూడు. నేనూ చూస్త, లేవనియ్యి.

ఔ మల్ల. నా గొంతు గిసొంటిది, ఈ అర్రల చెప్తె ఇంటెనుక ఇనవడకుంట ఉంటదా? వాడు బండ మీద కూసొని లావుపాటి ప్లాస్టిక్ గొట్టం ముక్క కోస్తుండు. గుంత నడుమ నిలవెట్టిండు. సుట్టు మట్టి కూరుతుండు. వాళ్ల బాపు లెక్కనే నాలుక జర బయటికి పెట్టి పని చేస్తడు, చిన్నప్పటి నుంచి అంతే.

"అవ్వా! బిందె మూతి పడ్తదా ఈ గొట్టంల? ఇంకా లావుది కావాల్నా?" అని ఆడికెళ్లే ఒర్రుతుండు.

"పడ్తది! మూత మాత్రం బరువుది పెట్టకు, నాతోని లేవది!"

"గోడకు గొట్టం పెట్టిస్త! అది పట్టుకోకుంట పోయినవనుకో, అదేనాడు పూడుస్త, చెప్తున్న!"

"పూడుస్తవు తీ! సూద్దం!"

ఇగ ఈ కాయిదం వానికిచ్చుడు అక్కెర లేదు, మొత్తం ఇననే ఇన్నడు. అయినా పారేయకు, ఉండనీ. మొదటి కెళ్లి సదువు బిడ్డా, నాకు ఇనాలనున్నది. మెల్లగ సదువు. ఆయన అడిగిన కాడ జర ఆగు. ఆ రెండో మాట నువ్వు సదువకు, నేనే చెప్త.